డ్రైసూట్‌లోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ప్రశ్న: నేను సియాటిల్‌లో ఉంటూ ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో డైవింగ్ చేస్తుంటాను. నా డ్రైసూట్‌కు (నీళ్లు లోపలికి రాకుండా ఒంటిని కప్పే డైవింగ్ సూట్‌కు) లేటెక్స్ సీల్స్, అంటే మెడకూ మణికట్లకూ బిగుతుగా పట్టే పలుచని రబ్బరు అంచులు, ఉన్నాయి. కెమెరాతో దిగి పైకి వచ్చేసరికి కుడిచెయ్యి మోచేతి దాకా తడిసిపోతోంది, మెడ కింద బనియన్ కూడా తడిగా ఉంటోంది. జిగురు రాస్తే సరిపోతుందా, సీల్స్ మార్చాలా? – ఒక పాఠకుడు

జవాబు: జిగురు సంగతి తర్వాత చూద్దాం. లోపలి బట్టలన్నీ సమంగా చెమ్మగిల్లితే అది చెమట అనుకోవచ్చు గానీ, ఒక్క చెయ్యే మోచేతి దాకా తడుస్తోందంటే నీరు ఆ మణికట్టు దగ్గరే దిగుతోంది. అంతమాత్రాన సీల్ చిరిగిందని అనుకోనక్కర్లేదు. కెమెరాను గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు లోపలివైపు స్నాయువులు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లు) తీగల్లా పైకి తేలుతాయి. వాటి మధ్య ఏర్పడే గాడిని సీల్ మూయలేక, పిడికిలి బిగించిన ప్రతిసారీ కాసిని నీళ్లు లోపలికి జారుతాయి. సీల్‌ను మణికట్టు ఎముక దాటించి, ముంజేతి మీదికి రెండు వేళ్ల మేర జరపండి. గుడిలో కట్టించుకున్న దారం ఆ చేతికి ఉంటే సీల్ కిందికి పోనివ్వకండి. నీటికి దారి ఇవ్వడానికి ఒక్క నూలుపోగు చాలు. రాగి కడియమైతే తీసి పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే రాగి తగిలిన లేటెక్స్ త్వరగా పాడవుతుంది. మెడ దగ్గర గడ్డం వెంట్రుకలు, బనియన్ అంచు, గొలుసు ఏవీ సీల్ కింద ఇరుక్కోకూడదు.

ఇవన్నీ సరిచేసినా కారుతుంటే, మణికట్టు సీల్స్‌లో సీసాలు, మెడ సీల్‌లో సరిపడే బంతి బిగించి, గాలి వదిలే వాల్వ్ మూసి, సూట్‌ను కొద్దిగా ఉబ్బించి సబ్బునీళ్లు రాయండి. బుడగలు లేచిన చోటే రంధ్రం. సూదిమొనంత రంధ్రమైతే లేటెక్స్ ముక్కను రబ్బరు జిగురుతో అతికిస్తే కొన్నాళ్లు ఆగుతుంది. సాగదీసినప్పుడు సన్నని పగుళ్లు కనబడినా, వేలికి జిగటగా తగిలినా మాత్రం అతుకులు వేయకుండా సీల్‌నే మార్పించండి.

కొత్త మెడ సీల్ మరీ బిగుతుగా ఉంటే భరించవద్దు. మెడ ధమనుల మీద ఒత్తిడి పడితే కళ్లు తిరిగి, నీటిలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. పదునైన కత్తెరతో, సీల్ మీది గీతల వెంబడి, ఒక్కోసారి 3 మిల్లీమీటర్లకు మించకుండా నున్నగా కత్తిరించండి. అంచున చిన్న గంటు పడినా చిరుగు అక్కడే మొదలవుతుంది. ఎక్కువ కోసేస్తే మళ్లీ బిగించే మార్గం లేదు కాబట్టి, ప్రతి కోత తర్వాత సూట్ తొడుక్కుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకోండి.