రెండుసార్లు ఎక్కిన దింపు లెక్క: గో భాషలో కంపేరబుల్ నిబంధన

ప్రశ్న: మాది అంబాజీపేట. కొబ్బరి కొట్టు లెక్కల కోసం గో భాషలో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. పొరపాటున రెండుసార్లు ఎక్కిన దింపు (చెట్ల నుంచి దించిన కాయల) నమోదులను ఏరివేసే జెనరిక్ ఫంక్షన్‌లో (వేర్వేరు టైపుల డేటాకు పనికొచ్చే ఫంక్షన్) మ్యాప్ (కీని బట్టి విలువను వెతికే పట్టిక) వాడి, టైప్ పారామీటర్‌కు (వాడేటప్పుడు ఇచ్చే టైపు స్థానంలో ఉండే పేరు) కంపేరబుల్ అనే నిబంధన పెట్టాను. ఊళ్ల పేర్లకు అది చక్కగా పనిచేసింది. రైతు ఖాతా, తేదీ, చీటీ నంబరుతో పాటు కాయల లెక్కల స్లైస్ (విలువల జాబితాగా వాడే టైపు) కూడా ఉన్న స్ట్రక్ట్ (పలు ఫీల్డులను కలిపి ఉంచే టైపు) ఇస్తే కంపైలర్ ఒప్పుకోలేదు. ఆ స్లైస్ ఫీల్డును ఏ టైపు విలువనైనా పట్టే ఎనీగా మారిస్తే కంపైల్ అయింది గాని, నడుస్తూ పానిక్‌తో ఆగిపోయింది. కారణమేమిటి?

జవాబు: మీ ఫంక్షన్‌లో తప్పు లేదు. 2022 మార్చిలో విడుదలైన 1.18 వెర్షన్‌తో గో భాషకు జెనరిక్స్ వచ్చినప్పుడు, రెండు విలువలు సమానమో కాదో అడగడానికి వీలైన టైపులను మాత్రమే అనుమతించేందుకు కంపేరబుల్‌ను ఏర్పరచారు. మ్యాప్‌కు కీగా పెట్టదగినవీ అవే. ప్రతి ఫీల్డూ పోల్చదగినదైతేనే స్ట్రక్ట్ పోల్చదగినదవుతుంది కనుక, ఒక్క స్లైస్ మొత్తం స్ట్రక్ట్‌ను అనర్హం చేసింది.

స్లైస్‌ను ఎందుకు మినహాయించారన్నది ఆలోచించదగిన విషయం. స్లైస్ కాయల లెక్కలను తనలో ఉంచుకోదు, మెమరీలో అవి ఉన్న అర్రేను (విలువల వరుసను) చూపుతుంది. రెండు స్లైసులు సమానమనాలంటే అవి ఒకే చోటును చూపాలా, లేక వేర్వేరు చోట్ల ఒకే అంకెలుంటే చాలునా? పైగా లోపలి అంకెలను బట్టి పోల్చే స్లైస్ కీగా చేరిన తరువాత, సాయంత్రం ఎవరైనా ఆ లెక్కను సవరిస్తే మ్యాప్‌లో ఆ కీ ఇక దొరకదు. అందుకే స్లైస్‌ను నిల్‌తో (ఏమీ లేదని తెలిపే విలువతో) తప్ప దేనితోనూ పోల్చనివ్వరు. ఈ కట్టడి మేలైనదనే నా అభిప్రాయం.

ఎనీ సంగతి వేరు. అది ఇంటర్‌ఫేస్, అంటే వేర్వేరు టైపుల విలువలను లోపల పెట్టుకోగల టైపు. ఇంటర్‌ఫేస్ విలువలను పోల్చడానికి భాష అనుమతిస్తుంది గాని, లోపల ఉన్నది స్లైస్ అయితే రన్‌టైమ్‌లో పానిక్ తప్పదు. ఈ కారణంగానే మొదట కంపైలర్ ఎనీని కంపేరబుల్ దగ్గర ఆపేది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 1.20 ఆ నియమాన్ని సడలించింది, అందుకే మీ ప్రోగ్రాం కంపైల్ అయింది.

కాబట్టి స్లైస్‌ను ఎనీ వెనుక దాచకండి. రైతు ఖాతా, తేదీ, చీటీ నంబరు మాత్రమే గల చిన్న స్ట్రక్ట్‌ను కీగా వేరుచేసి, నమోదు నుంచి ఆ కీని తీసి ఇచ్చే ఫంక్షన్‌ను కూడా మీ జెనరిక్ ఫంక్షన్‌కు అందించండి. అప్పుడు కంపేరబుల్ నిబంధన కీ టైపుకు ఉంటే చాలు. చీటీ నంబరును మాత్రం కీలోంచి తీసివేయకండి: ఒకే రైతు ఒకే రోజు రెండు దింపులు తెస్తే, అది లేని కీ రెండోదాన్ని నకలుగా భావించి తొలగిస్తుంది, ఆ రైతుకు రావలసిన సొమ్ము తగ్గిపోతుంది.