గీజర్ విప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి, మావయ్య దీవెనలు.

గ్యాస్ గీజర్ ఒక్కోసారి వెలగట్లేదనీ, వెలిగినా మధ్యలో ఆరిపోతోందనీ, ఈ ఆదివారం నువ్వే విప్పి బాగుచేస్తానంటున్నావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నప్పుడు గోడగడియారం విప్పి మళ్లీ నడిపించిన పిల్లవి, నీ వల్ల కాదని ఎలా అంటాను? గర్వంగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తాను. ట్యాప్ తిప్పినా టిక్‌టిక్ చప్పుడు రాకపోతే ముందు బ్యాటరీలు మార్చు. చప్పుడొచ్చి మంట రాకపోతే సిలిండర్లో గ్యాస్ ఉందో లేదో చూసుకో. నీళ్ల ధార సన్నగా ఉంటే అసలు వెలగదు, ఎందుకంటే లోపలి డయాఫ్రం అనే రబ్బరు పొర నీటి ఒత్తిడికి కదిలితేనే గ్యాస్ వదులుతుంది. నీళ్లు లోపలికి వచ్చేచోట చిన్న జల్లెడ ఉంటుంది. నీళ్లు కట్టేసి, దాన్ని తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. షవర్ రంధ్రాల్లో ఉప్పు పేరుకున్నా ఇదే తంటా. కొన్నిటికి 20 నిమిషాలకు వాటంతటవే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది. అది లోపం కాదు, మనిషిని కాపాడటానికి పెట్టింది. దాని జోలికి వెళ్లావంటే ఊరుకోను.

గ్యాస్ వాల్వూ, బర్నర్ జెట్లూ కూడా నీ పని కాదు, మెకానిక్ పని. జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు, అంతవరకే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లున్నారు, వాళ్ల మాట వినకు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. వాసనొస్తే స్విచ్ వెయ్యకు, వేసి ఉన్నది ఆర్పకు. సిలిండర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి బయటికి వచ్చెయ్. రబ్బరు పైపు మీద ముద్రించిన గడువు దాటితే మార్చెయ్.

వాసనొచ్చే గ్యాస్ నయమే తల్లీ, ముందే చెబుతుంది. నా భయమంతా వాసన లేనిదంటేనే. అమ్మ నీకెప్పుడూ చెప్పి ఉండదు.

తనకి పెళ్లికాక ముందు మా ఇంట్లో గీజర్ స్నానాలగదిలోనే బిగించారు. పైన వెంటిలేటర్ ఉందిగా, పొగగొట్టం ఎందుకన్నాడు బిగించినతను. చలికాలం వచ్చేసరికి, చలిగాలి కొడుతోందని మీ తాతయ్య ఆ వెంటిలేటర్‌కి అట్టముక్క పెట్టి మేకులు కొట్టేశారు. ఆ తర్వాత నుంచి స్నానం చేసి వస్తే చాలు, అక్కకి తలనొప్పి, కడుపులో తిప్పడం. తలస్నానం చేసిన రోజు మరీ ఎక్కువ. తడి జుట్టు వల్లేనని అందరూ అనుకున్నారు. ఎక్కువసేపు గీజర్ మండిన రోజు ఎక్కువ నొప్పి వస్తోందని ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు ఎంత పిలిచినా పలకలేదు. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తాతయ్య భుజంతో గుద్ది గడియ ఊడగొట్టారు. గోడకి జారగిలబడి ఉంది, స్పృహ లేదు. వాళ్లు తనని ఆరుబయటికి మోసుకెళ్తుంటే నేను ట్యాప్ కట్టడానికి లోపలికి వెళ్లాను. గీజర్ అద్దంలోంచి మంట కనిపించింది. నీలంగా లేదు. పసుప్పచ్చగా, పొడుగ్గా, కొసలు ఊగుతూ ఉంది. పైన సున్నం గోడ మీద బెత్తెడు మేర నల్లటి మసి. ఆ మసి ఒక్కరోజులో పట్టింది కాదు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక అక్క కళ్లు తెరిచింది.

గాలి చాలకపోతే గ్యాస్ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చాలాసార్లు ఊపిరాడనట్టు కూడా ఉండదు, తలనొప్పిగా, మత్తుగా, నీరసంగా ఉంటుందంతే. లేచి తలుపు తీద్దామనుకునేలోపే కాళ్లు సహకరించవు.

కాబట్టి ముందు గీజర్ ఎక్కడుందో చూడు. స్నానాలగదిలో ఉంటే మెకానిక్‌ని పిలిచి బయట గాలాడేచోటికి మార్పించు, పొగగొట్టం ఆరుబయటికి పెట్టించు. గొట్టంలో పిట్ట గూడు కట్టిందేమో చూడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా మావయ్యా అంటావేమో. తలుపులు మూసిన గదిలో ఆ ఫ్యాన్ గాలిని బయటికి లాగేస్తుంటే, పొగగొట్టంలోంచి పొగ వెనక్కి గదిలోకే వస్తుంది. మార్పించేదాకా కిటికీ తీసి బకెట్ నింపుకో, గీజర్ ఆపెయ్, గది గాలాడాక అప్పుడు స్నానం చెయ్. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఒకటి కొను, డబ్బులు నేనిస్తాను.

పిల్లాడి స్నానానికి వేడి 50 డిగ్రీల లోపే పెట్టు, చల్లనీళ్లు కలిపి నీ చెయ్యి పెట్టి చూశాకే పొయ్యి. 60 డిగ్రీల నీళ్లు పడితే కొద్ది సెకన్లలోనే వాడి ఒళ్లు కాలిపోతుంది.

ఆదివారం కవర్ మీద చెయ్యి వేసేముందు నాకు వీడియో కాల్ చెయ్. మొదట కిటికీ చూపించు, తర్వాత మంట. నీలంగా, నిలకడగా ఉంటే సిలిండర్ కట్టేసి పని మొదలుపెట్టు. పసుప్పచ్చగా కనిపించిందా, అక్కడితో ఆపెయ్. సోమవారం నేనే మెకానిక్‌ని వెంటబెట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య