సంస్థల వాటా ఉంటే కంపెనీ మంచిదేనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను గమనిస్తున్న ఒక మధ్యతరహా కంపెనీలో మార్చి చివరికి విదేశీ మదుపు సంస్థల వాటా 18 శాతం ఉండేది. జూన్ చివరికి 15 శాతమైంది. లోపల ఏదో తెలిసే అమ్ముకుంటున్నారని మా బ్రోకరు అంటున్నారు. నేనూ అమ్మేయాలా? (గుంటూరు)

జవాబు: వాటాదారుల పట్టికలో శాతం పక్కనే షేర్ల సంఖ్య కూడా ఇస్తారు. ముందు అది చూడండి. మార్చిలో కంపెనీకి మొత్తం 10 కోట్ల షేర్లుండి, అందులో 1.8 కోట్లు విదేశీ సంస్థలవి అనుకుందాం. అది 18 శాతం. ఈలోగా కంపెనీ 2 కోట్ల కొత్త షేర్లు జారీ చేసింది, వాటిని దేశీయ ఫండ్లు కొన్నాయి. మొత్తం 12 కోట్లయ్యాయి. అప్పుడు విదేశీ సంస్థలు ఒక్క షేరు కూడా అమ్మకుండానే వాళ్ల వాటా 15 శాతానికి దిగుతుంది. మీరు రాసిన అంకెలకు ఈ లెక్క కూడా సరిపోతుంది కాబట్టి షేర్ల సంఖ్య చూడకుండా తొందరపడకండి.

సంఖ్య కూడా తగ్గి ఉంటే అమ్మిందెవరో చూడాలి. ఒక శాతం, ఆపైన ఉన్న పబ్లిక్ వాటాదారుల పేర్లు ఆ పట్టికలోనే ఉంటాయి. అమ్మింది సూచీ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న షేర్లను అదే నిష్పత్తిలో కొనే ఫండ్) అయితే సూచీలో ఆ షేరు వెయిటేజీ మారి ఉండొచ్చు, లేదా ఫండ్‌లోంచి మదుపర్లు డబ్బు వెనక్కి తీసుకుని ఉండొచ్చు. కంపెనీ బాగోగులకూ దానికీ సంబంధం ఉండదు. స్వయంగా ఎంచి కొనే రెండు మూడు ఫండ్లు వరుస త్రైమాసికాల్లో తగ్గించుకుంటూ పోతుంటే, అదే సమయంలో ఆర్థిక విభాగం అధిపతో ఆడిటరో మధ్యలోనే తప్పుకుంటే మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. ఆడిటర్ రాజీనామా లేఖ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో పెడతారు, తప్పక చదవండి. 'అడిగిన వివరాలు ఇవ్వలేదు' అన్న అర్థం వచ్చే వాక్యం అందులో ఎక్కడ కనిపించినా నేనైతే ఆ షేరు ఉంచుకోను.

ఈ పట్టిక త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా వస్తుంది. అంటే మీరు చూసేసరికి ఆ అమ్మకాల ప్రభావం చాలావరకు ధరలో చేరిపోయి ఉంటుంది.

ప్రశ్న: లెక్కల మోసం బయటపడిన సత్యం కంప్యూటర్స్‌లో ప్రపంచస్థాయి ఫండ్లు డబ్బు పెట్టాయి. వాళ్లకే తెలియనిది మాలాంటి వాళ్లకు ఎలా తెలుస్తుంది? (హైదరాబాద్)

జవాబు: 2008 డిసెంబరు 16న ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఫండ్లు ఏది చూడగలవో, ఏది చూడలేవో స్పష్టమవుతుంది. ఆ రోజు సత్యం బోర్డు, ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపేవాళ్ల) కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. సత్యంలో అప్పటికి ప్రమోటర్ల సొంత వాటా పది శాతం కూడా లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరున్న నగదు, పదో వంతు కూడా సొంతం కాని కుటుంబం నిర్ణయంతో, ఆ కుటుంబపు రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీలకు వెళ్లిపోబోతోంది. సంస్థాగత మదుపర్లు భగ్గుమన్నారు. అమెరికా మార్కెట్లో సత్యం షేరు ఆ రాత్రే సగానికి పైగా పడింది. కొన్ని గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. ఇదంతా ఫండ్లు చూడగలిగింది, చూసి ఆపగలిగింది.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖతో బయటపడింది వేరే సంగతి. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలైతే అందులో 5,040 కోట్లు లేనే లేవు. దానిపై వచ్చినట్టు రాసిన 376 కోట్ల వడ్డీ కూడా కల్పితమే. ఆడిట్ అయిన లెక్కల్లో ఉన్న బ్యాంకు నిల్వను తిరిగి బ్యాంకుకు వెళ్లి సరిచూసుకునే హక్కు ఏ ఫండ్‌కూ లేదు. ఆ పని ఆడిటర్‌ది, దానిపై నిఘా ఆడిట్ కమిటీది. ఆ రెండు చోట్లా కాపలా తప్పితే బయటి వాటాదారుడు ఎంత పెద్దవాడైనా మోసపోతాడు.

బయటికి కనిపించే ఆనవాళ్లు మాత్రం కొన్ని ఉంటాయి. వేల కోట్ల నగదు ఉందంటూనే డివిడెండ్ పెంచని కంపెనీని ఆ నగదు ఎందుకు దాచారని అడగాలి. నగదుపై వచ్చిన వడ్డీని ఆ ఏడాది సగటు నిల్వతో భాగించి చూడండి. డిపాజిట్ రేటు 7 శాతం ఉన్నచోట 2 శాతమే వస్తోందంటే ఆ నగదు లెక్కలు ముగిసే మార్చి 31న మాత్రమే కనిపించే నగదేమోనని అనుమానించాలి. అయితే సత్యంలో లాగా వడ్డీని కూడా కల్పించినప్పుడు ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

ప్రశ్న: ఏటా లాభాలు పెరుగుతున్నా ఫండ్లు ముట్టుకోని కంపెనీలు కొన్ని కనిపిస్తాయి. వాళ్లు ఏం చూస్తారు? (రాజమహేంద్రవరం)

జవాబు: మొదట క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అంటే నగదు రాకపోకల లెక్క చూస్తారు. ఐదేళ్ల నికర లాభాన్ని ఒకవైపు, ఐదేళ్లలో వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నగదును మరోవైపు కూడండి. లాభం మొత్తం 500 కోట్లు, చేతికొచ్చిన నగదు 120 కోట్లే అయితే మిగతాది ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి. ఎక్కువసార్లు దొరికేది రావలసిన బకాయిల్లో. ఒక ఏడాది అమ్మకాలు 1,000 కోట్లు, బకాయిలు 250 కోట్లు అంటే డబ్బు సగటున 91 రోజులకు వస్తోందన్నమాట. మరుసటి ఏడాది అమ్మకాలు 1,100 కోట్లు, బకాయిలు 400 కోట్లయితే అది 133 రోజులు. అమ్మకాలు పది శాతం పెరిగినట్టు కనిపించినా, కొన్నవాళ్లు డబ్బు కట్టడం లేదు. లేదా ఏడాది చివర్లో సరుకు డీలర్లకు తోసేసి అమ్మకంగా రాసుకున్నారు.

బకాయిల వయసు పట్టిక 2021-22 నుంచి వార్షిక లెక్కల వెంట ఇచ్చే నోట్స్‌లో తప్పనిసరి. ఆరు నెలల లోపువి ఎన్ని, మూడేళ్లు దాటినవి ఎన్ని, వివాదంలో ఉన్నవి ఎన్ని అన్నీ ఉంటాయి. ప్రభుత్వానికి రోడ్లు, కాలువలు కట్టే కాంట్రాక్టు కంపెనీల్లో బిల్లులు ఆలస్యం కావడం మామూలే కాబట్టి వాటిని సరుకులు అమ్మే కంపెనీలతో పోల్చకండి. బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకు కాని ఆర్థిక సంస్థలకు) ఈ నగదు పరీక్ష అసలు పనికిరాదు.

తర్వాత సంబంధిత పక్షాల లావాదేవీల నోట్, అంటే ప్రమోటర్లతో, వాళ్ల ఇతర కంపెనీలతో జరిపిన లావాదేవీల వివరం. ప్రమోటర్ల ఇతర కంపెనీలకు ఇచ్చిన అప్పులు, అడ్వాన్సులు, హామీలు ఏటా పెరుగుతున్నాయా, వాటిపై వడ్డీ నిజంగా వసూలవుతోందా అన్నది చూడండి. లాభం ఎంత బాగున్నా ఇక్కడ తేడా కనిపిస్తే చాలా ఫండ్లు అక్కడితో ఆపేస్తాయి, ఎందుకంటే ఆ లాభం తమదాకా రాదని వాళ్లకు తెలుసు.

ప్రశ్న: ఒకే కంపెనీలో ప్రమోటర్లు అప్పుకోసం పెట్టిన షేర్ల తాకట్టు ఒకచోట 50 శాతం అనీ, ఇంకోచోట 20 శాతం అనీ ఉంది. ఏది నిజం? (కరీంనగర్)

జవాబు: రెండూ నిజం కావచ్చు. ప్రమోటర్ల వాటా 40 శాతమై, అందులో సగం తాకట్టులో ఉంటే వాళ్ల వాటాలో అది 50 శాతం, మొత్తం కంపెనీలో 20 శాతం. ఈ రెండింటిలో ఏ గీత చేరినా ప్రమోటర్లు ఎందుకు తాకట్టు పెట్టారో కారణాలతో సహా వెల్లడించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 నుంచి నిబంధన పెట్టింది. అసలు తాకట్టు వెల్లడి తప్పనిసరి అయిందే సత్యం తర్వాత, 2009లో. ఫండ్లకు దీని భయం ఎందుకంటే, 200 కోట్ల షేర్లపై 100 కోట్ల అప్పు తెచ్చారనుకోండి. ధర 30 శాతం పడితే తాకట్టు విలువ 140 కోట్లకు దిగుతుంది. అప్పిచ్చినవాళ్లు ఇంకా షేర్లో నగదో అడుగుతారు. ఇవ్వలేకపోతే మార్కెట్లో అమ్మేస్తారు, ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది.

ప్రశ్న: నా దగ్గర 40 షేర్లే ఉన్నాయి. ఈ-ఓటింగ్ మెయిల్ వస్తూంటుంది. ఓటు వేస్తే ఏమైనా ఉపయోగం ఉందా? (విశాఖపట్నం)

జవాబు: తీర్మానాన్ని బట్టి ఉంటుంది. ప్రమోటర్లకు 60 శాతం ఉన్న కంపెనీలో మామూలు తీర్మానాన్ని ఎవరూ ఆపలేరు. కానీ పెద్ద సంబంధిత పక్షాల లావాదేవీకి అనుకూలంగా ప్రమోటర్లు ఓటేయడానికి వీల్లేదు, ప్రత్యేక తీర్మానానికేమో 75 శాతం మద్దతు కావాలి. నెస్లే ఇండియా తన మాతృసంస్థకు చెల్లించే రాయల్టీని అమ్మకాల్లో 4.5 శాతం నుంచి విడతలుగా 5.25 శాతానికి పెంచాలని 2024లో అడిగితే ఇతర వాటాదారులు తిరస్కరించారు. 2021లో ఐషర్ మోటార్స్ ఎండీ పునర్నియామకం, జీతం కలిపి పెట్టిన తీర్మానం 75 శాతానికి కాస్త దూరంలో ఆగిపోయింది. కంపెనీ జీతంపై పరిమితి తగ్గించి మళ్లీ వచ్చాకే ఆమోదం దొరికింది. షేరు అమ్మే స్వేచ్ఛ లేని సూచీ ఫండ్లకు ఓటు ఒక్కటే సాధనం కాబట్టి ఇలాంటివి ఇకపై ఎక్కువవుతాయని నా అంచనా.

2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తమ దగ్గరున్న ప్రతి కంపెనీలో ప్రతి తీర్మానంపైనా ఓటేయాలి. ఎటు వేశారో, ఎందుకో కారణంతో సహా ప్రతి త్రైమాసికం తమ వెబ్‌సైట్లో పెట్టాలి. మీ కంపెనీలో పెద్ద వాటా ఉన్న రెండు ఫండ్ల పట్టికలు తెరిచి, గత ఏడాది అవి 'వ్యతిరేకం' అన్న తీర్మానాలు చదవండి. ఆ తర్వాత ఈ ఏడాది నోటీసు చేతిలోకి తీసుకోండి. వార్షిక సమావేశానికైతే అది కనీసం 21 రోజుల ముందు వస్తుంది. ఓటింగ్ మీ డీమ్యాట్ షేర్లు ఉండే డిపాజిటరీ (ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్) లాగిన్‌తోనే చేయవచ్చు, కనీసం మూడు రోజులు తెరిచి ఉండి సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. ఓటు హక్కు ఎవరికుందో తేల్చే కటాఫ్ తేదీ నాటికి షేర్లు మీ డీమ్యాట్‌లో ఉండాలి. ఒకసారి వేసిన ఓటు మార్చుకోవడం కుదరదు.