కంప్యూటర్ సందేహాలు: దస్తావేజు ఫొటోలు, ఆగే వీడియోలు

ప్రశ్న: మాది దస్తావేజులు రాసే ఆఫీసు. పాత వాటిని ఫోన్‌తో ఫొటో తీసి టెసరాక్ట్‌తో (బొమ్మలోని అక్షరాల్ని టైపు పాఠంగా మార్చే ప్రోగ్రామ్) చదివిస్తే వత్తులన్నీ తప్పులే. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు ఉన్నాయి. వాటితో శిక్షణ ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇవ్వొచ్చు. చాలామందికి దొరకని సరుకు మీ దగ్గరుంది. అయితే అను అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కావు. ముందు మార్చి, వత్తులూ గుణింతాలూ కంటితో సరిచూడండి. అక్కడ మిగిలిన తప్పును కూడా మోడల్ (టెసరాక్ట్ అక్షరాల్ని గుర్తుపట్టడానికి వాడే ఫైలు) నేర్చేసుకుంటుంది.

ఆ ఫైళ్లను మళ్లీ ప్రింటు తీసి స్కాన్ చేయకండి. రేపు చదివించేది నీడపడ్డ, మడతపడ్డ, ముద్రలు పడ్డ కాగితాల్ని కదా, అసలు దస్తావేజుల ఫొటోలే వాడండి. ఒక్కో వరుసను ఒక్కో బొమ్మగా కత్తిరించి, అదే పేరుతో ‘జీటీ.టీఎక్స్‌టీ’ ఫైల్లో ఆ వరుస పాఠం పెట్టాలి. అసలు తంటా కత్తిరింపు దగ్గరే. బిగించి కోస్తే ‘రాష్ట్రం’లో కింది వత్తులు తెగిపోతాయి. పైన గుడికీ, కింద వత్తులకీ చోటు వదలండి.

టెసరాక్ట్‌కి తెలుగు కోసం ఉన్న ‘టెల్’ మోడల్‌లో ‘బెస్ట్’ రకంతో మొదలుపెట్టండి. ‘ఫాస్ట్’ రకం మీద శిక్షణ కొనసాగదు. పరీక్షకు విడి వరుసలు కాకుండా కొన్ని దస్తావేజుల్ని మొత్తంగా పక్కన పెట్టండి. ఒకే పేజీ వరుసలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడితే మార్కులు ఉత్తుత్తివే. చేతిరాత కాగితాలు కలపొద్దు, వాటికి మోడల్ వేరు. సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు మాత్రం మనిషే చూడాలి. మాట తప్పితే వాక్యాన్ని బట్టి పట్టేస్తాం. 143/2 కాస్తా 148/2 అయితే ఎవరికీ అనుమానం రాదు.

ప్రశ్న: చదివించడానికని రిజిస్టరు పేజీలు తిప్పుతూ ఫోన్లో వీడియో తీశాం. నాలుగో తరం ఐ3 డెస్క్‌టాప్‌లో ఆగి ఆగి ఆడుతోంది. ర్యామ్ పెంచాలా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ర్యామ్‌తో పోదండీ. ఇప్పటి ఫోన్లలో చాలా వాటిలో వీడియో హెచ్‌ఈవీసీ (హెచ్.264 తర్వాత వచ్చిన వీడియో కుదింపు పద్ధతి)లో రికార్డవుతుంది. మీ చిప్‌లో హెచ్.264 విప్పే సర్క్యూట్ ఉంది. హెచ్‌ఈవీసీకి పూర్తి సర్క్యూట్ ఇంటెల్‌లో 6వ తరంతో, 10 బిట్ వీడియోకి 7వ తరంతో వచ్చింది. అందుకే భారమంతా సీపీయూ మీద పడుతోంది. వీడియో ఆడుతున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతానికి చేరుతుందేమో చూడండి. ఉన్న ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌తో హెచ్.264కి మార్చండి. ఇకపై ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్.264 పెట్టుకోండి.

కానీ చదివించడానికి వీడియో వద్దు. 1080పీ ఫ్రేములో ఎ4 పేజీ నిండుగా పట్టినా వెడల్పున అంగుళానికి 130 చుక్కలే వస్తాయి. టెసరాక్ట్‌కి 300 దాకా ఉండాలి. పైగా పేజీ కదిలినప్పుడు అక్షరం చెదురుతుంది. అవే పేజీలు ఫొటోలుగా తీయండి.