అపాచీ ఉండగా ఎన్జిన్ఎక్స్ మొదలవ్వకపోతే

అపాచీ నడుస్తున్న సర్వర్లో ఎన్జిన్ఎక్స్ పెడితే మొదలవ్వట్లేదని అడిగారు. రెండూ వెబ్ సర్వర్లే, అంటే బ్రౌజర్‌కి పేజీలు పంపే ప్రోగ్రాములు. పోర్టు 80 దగ్గరే గొడవ, అంటే బ్రౌజర్లు మామూలుగా తలుపు తట్టే నంబరు దగ్గర. మీ శ్రీకాకుళం షాపు బిల్లింగ్ సైటుకి అపాచీ ముందే ఆ పోర్టు పట్టుకుంది. ఉబుంటులో ఎన్జిన్ఎక్స్ ఇన్‌స్టాల్ అవ్వగానే తనూ అదే పోర్టు అడుగుతుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో పలాస బస్సు నిలబడిన ప్లాట్‌ఫాం మీదకి పాలకొండ బస్సు ఎక్కదు కదా. "పోర్టు 8080కి మార్చినా అదే ఎర్రర్ 98" అని మీరన్నారు. ఆ అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందని ఆ ఎర్రర్‌కి అర్థం. అంటే సగమే మార్చారు.

1. ఎన్జిన్ఎక్స్ ఫోల్డర్లో సైట్స్-అవైలబుల్ లోపల డిఫాల్ట్ ఫైలు తెరవండి.

2. అందులో "లిజన్" లైన్లు రెండుంటాయి. మొదటిది ఐపీవీ4ది (పాత రకం ఇంటర్నెట్ అడ్రస్), అది అందరూ మారుస్తారు. దాని కిందే చదరపు బ్రాకెట్లలో రెండు కోలన్లు, పక్కన 80 ఉన్న లైను ఐపీవీ6ది (కొత్త రకం అడ్రస్). అదీ 8080 చెయ్యాలి. ఎర్రర్ మళ్లీ చూడండి, 80కి ముందు ఆ బ్రాకెట్లే కనిపిస్తాయి. దీన్ని గమనించక నేనూ ఓ రాత్రంతా టెన్షన్ పడ్డాను.

3. సేవ్ చేసి, ఎన్జిన్ఎక్స్‌ని మైనస్ టీతో (nginx -t) నడిపి ఫైలు సరిగా ఉందో చూసుకోండి. తర్వాత రీస్టార్ట్.

4. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయి ఉంటే ఉబుంటు ఇన్‌స్టాల్ టూల్ డీపీకేజీ కాన్ఫిగర్ కమాండు (dpkg --configure -a) ఒకసారి నడపండి. మళ్లీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు.

5. బ్రౌజర్లో అడ్రస్ చివర కోలన్ 8080 పెట్టండి. సర్వర్లో తెరుచుకుని బయట నుంచి రాకపోతే ఫైర్‌వాల్లో 8080ని అనుమతించండి.

అపాచీని మాత్రం కదపొద్దు, బిల్లింగ్ ఆగిపోతుంది.