నాన్నగారు సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నాన్నగారు రైల్వేలో పనిచేసి 60వ ఏట రిటైరయ్యారు. ఇప్పుడు 74. ఎనిమిది నెలల కిందట అల్జీమర్స్ మొదటి దశ అని డాక్టరు చెప్పారు. పెన్షన్ 42,000 వస్తుంది. 22 లక్షల ఎఫ్‌డీలు, ఇల్లు, వేపగుంటలో 150 గజాల స్థలం అన్నీ ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్నాయి. అమ్మకు 68. నాకు 44, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 34,000. అమ్మానాన్నలతోనే ఉంటాను. పగలు నాన్నగారిని కనిపెట్టుకుని ఉండే మనిషికి నెలకు 18,000 అడుగుతున్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడు "ఉద్యోగం మానెయ్యి అక్కా, నెలకు 15,000 పంపిస్తాను" అంటున్నాడు. మొన్న నాన్నగారు ఏటీఎంలో 20,000 తీశారు, ఏం చేశారో గుర్తులేదు. సాయంత్రమైతే డ్యూటీకి వేళయిందని బయల్దేరుతున్నారు, ఆపితే చికాకు పడుతున్నారు. ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారమిచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే సరిపోతుందా? నేను ఉద్యోగం మానాలా?

జవాబు: ఉద్యోగం సంగతి వచ్చే నెల తేల్చుకున్నా ఏమీ మునిగిపోదు. నాన్నగారి సంతకం సంగతి అలా కాదు కాబట్టి ముందు అదే చెబుతాను.

జీపీఏ ఒక్కటి చేతిలో ఉంటే చాలని చాలా ఇళ్లల్లో ధీమాగా ఉంటారు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో రద్దయిపోతుంది. వాన మొదలవగానే ముడుచుకుపోయే గొడుగన్నమాట. మా పెదనాన్నగారి విషయంలో మేమూ ఇలాగే బోల్తా పడ్డాం. జీపీఏ పట్టుకుని బ్యాంకుకు వెళితే మేనేజరు మర్యాదగానే "పెద్దాయన ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగాడు. మా పెద్దమ్మకు అబద్ధం చెప్పడం రాదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్కడితో లావాదేవీలు ఆగిపోయాయి. కోర్టు ద్వారా సంరక్షకురాలిగా ఉత్తర్వు తెచ్చుకునేసరికి ఏడాదిన్నర పట్టింది. లక్షల్లో డిపాజిట్లు పెట్టుకుని చేబదుళ్లతో ఇల్లు నడిపాం. మేనేజరును తప్పుపట్టను, ఆయన చట్టం చెప్పినట్టే చేశాడు. కోర్టు బదులు నేషనల్ ట్రస్టు ద్వారా సంరక్షకుల సర్టిఫికెట్ తెచ్చుకోమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. ఆ ట్రస్టుకు సంబంధించిన 1999 చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే వర్తిస్తుంది. అల్జీమర్స్ అందులో లేదు.

మీ నాన్నగారిది ఇంకా మొదటి దశే. జబ్బు పేరు బయటపడినంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు. తాను ఏం చేస్తున్నారో ఆ పూట ఆయనకు అర్థమవుతోందా అన్నదే లెక్క. కాబట్టి మొదటి పని, పెన్షన్ ఖాతాలో అమ్మగారిని చేర్చి 'ఈదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే రెండోవారు నడుపుతారు) చేయించండి. కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌దారులు భార్యతో కలిసి జాయింటు ఖాతా పెట్టుకోవచ్చు. పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో) అమ్మగారి పేరుంటే రేపు ఫ్యామిలీ పెన్షన్ కూడా అదే ఖాతాలో పడుతుంది, కొత్త ఖాతా కోసం తిరగక్కర్లేదు. తర్వాత ఎఫ్‌డీల్లోనూ అమ్మగారి పేరు చేర్చమని అడగండి. అసలు మొత్తం, గడువు మార్చకుండా పేరు చేర్చే వీలు బ్యాంకులకు ఉంది, కాబట్టి మెచ్యూరిటీ దాకా ఆగొద్దు.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఎఫ్‌డీ 'ఈదర్ ఆర్ సర్వైవర్' అయినా గడువుకు ముందే రద్దు చేసుకోవాలంటే, ఇద్దరూ బతికి ఉన్నంతకాలం ఇద్దరి సంతకాలూ కావాలి. గడువు తీరాక మాత్రం ఒక్కరి సంతకం చాలు. అందుకని డబ్బు పెద్ద ముద్దగా ఉంచకండి. రెండేసి లక్షల ముక్కలు చేసి, నాలుగైదు నెలలకొకటి చేతికొచ్చేలా గడువులు పెట్టండి. వడ్డీ అర శాతం తగ్గినా నేను ఇదే చెబుతాను. మీకిప్పుడు కావలసింది ఎక్కువ వడ్డీ కాదు, అమ్మగారి ఒక్క సంతకంతో కదిలే డబ్బు. ఓ పది లక్షలు మాత్రం అమ్మగారి పేరున సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయొచ్చు. ఇది రాసేనాటికి 8.2 శాతం, అంటే మూడు నెలలకోసారి 20,500. అది కొంతవరకు మనిషి జీతానికి సరిపోతుంది. భర్త ఇచ్చిన డబ్బు కాబట్టి ఆ వడ్డీ నాన్నగారి ఆదాయంలోనే కలుస్తుంది. కలిసినా నష్టం లేదు. పెన్షన్, వడ్డీలు అన్నీ కలిపినా ఏడాదికి ఏడు లక్షలు దాటవు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉంటే పన్ను మినహాయింపు వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. అది పాత విధానంలో నిజమే, మీకు మాత్రం అవసరం లేదు. దానికోసం పెద్దాయన్ని కేజీహెచ్ ఆసుపత్రి వరండాల్లో నిలబెట్టకండి.

ఏటీఎం దగ్గరికొస్తే, ఆయన కార్డు లాక్కోకండి. జీవితమంతా జీతం తెచ్చి ఇంట్లో పెట్టిన మనిషి. జేబులో నాలుగు నోట్లు లేకపోతే ఆ రోజంతా వెతుక్కుంటారు. ప్రతినెలా పెన్షన్ పడగానే 4,000 మిగిల్చి మిగతాదంతా అమ్మగారి ఖాతాకు దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. కార్డు రోజువారీ పరిమితి బాగా తగ్గించండి. ఫోన్లో యూపీఐ తీసేయండి. డిజిటల్ అరెస్టు పేరుతో భయపెట్టే దొంగలకు ఇలాంటి పెద్దవాళ్లు సులువుగా దొరికిపోతారు. ఎప్పుడైనా డబ్బు పోయిందని తెలిస్తే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంటికి వీలునామా రాయించండి. అయితే ఏం రాయాలో నాన్నగారు చెప్పాలి, మీరు కాదు, మీ తమ్ముడూ కాదు. ఆస్తి దక్కని ఇద్దరు సాక్షులు, 'ఈ రోజు ఈయన ఆలోచించి నిర్ణయం తీసుకోగలరు' అని అదే తేదీతో న్యూరాలజిస్టు ఇచ్చే పత్రం, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. తమ్ముడికి ముందే చెప్పి చేయండి. వేపగుంట స్థలాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. వేపగుంటతో సహా పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానంతో నడుస్తున్న భూముల తగాదా మీకు నేను చెప్పేదేముంది? పత్రాలు ఒకసారి లాయరుకు చూపించండి. అప్పటిదాకా దాన్నమ్మి వైద్యం చేయిద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

వైద్యం ఖర్చుకు రైల్వే మెడికల్ కార్డు ఉంటే ఇద్దరికీ ఆసుపత్రి భారం చాలావరకు తీరినట్టే. ఈ వయసులో కొత్త హెల్త్ పాలసీ అమ్మడానికి వచ్చేవాళ్లకు కాఫీ ఇచ్చి పంపండి. అల్జీమర్స్‌లో కుటుంబాన్ని కుంగదీసేది ఆసుపత్రి బిల్లు కాదు, ఇంట్లో రోజూ పక్కన ఉండాల్సిన మనిషి ఖర్చు. దాన్ని ఏ కార్డూ భరించదు.

ఇప్పుడు మీ ఉద్యోగం. మానొద్దు. మీ జీతంలోంచి 18,000 మనిషికిచ్చినా 16,000 మిగులుతుంది, పీఎఫ్ అదనం. తమ్ముడి 15,000కీ దానికీ తేడా వెయ్యే కదా అనిపించవచ్చు. కానీ ఈ జబ్బు నాలుగేళ్లు సాగవచ్చు, పదేళ్లకు పైగా కూడా సాగవచ్చు. అన్నేళ్లు తమ్ముడి డబ్బు ఇలాగే వస్తుందా? అతని పిల్లల ఫీజులు, ఇంటి లోను మొదలయ్యాక? అతను చెడ్డవాడని కాదు, సంసారాలు అలాగే ఉంటాయి. పెన్షన్ సంగతి కూడా చూడండి. రైల్వేలో పూర్తి పెన్షన్ చివరి జీతంలో సగమైతే, మీ నాన్నగారి వయసులో వచ్చే ఫ్యామిలీ పెన్షన్ 30 శాతమే. అంటే నాన్నగారి తర్వాత అమ్మగారికి ఐదింట మూడు వంతులు వస్తుంది. అప్పటికి మీకు 50 దాటి, మధ్యలో అన్నేళ్ల ఖాళీ ఉంటే మళ్లీ ఏ కాలేజీ పిలుస్తుంది? పైగా రోజంతా అదే గదిలో, అదే ప్రశ్నకు ఇరవైసార్లు జవాబు చెబుతూ కూర్చుంటే మీ ఆరోగ్యం ఏమవుతుంది? ఉద్యోగం మీకు జీతమే కాదు, రోజుకు ఆరుగంటల ఊపిరి కూడా.

తమ్ముడికి ఇలా చెప్పి చూడండి: "ఆ 15,000 నాకొద్దురా, మనిషి జీతం నువ్వే నేరుగా వేసెయ్యి. సంక్రాంతికి పది రోజులు, వేసవిలో పది రోజులు వచ్చి నాన్న దగ్గర ఉండు, నేను ఎక్కడికైనా వెళ్లొస్తాను." డబ్బుకంటే ఈ రెండో మాటకే అతను కాస్త తటపటాయిస్తాడు. అయినా వెనక్కి తగ్గకండి. మిగతా 3,000 మీరు కలపండి. అప్పుడు మీ జీతంలో నెలకు పదివేలు మీ పేరు మీదే పక్కన పెట్టుకోవచ్చు, నాన్నగారి ఖర్చుకని దాన్ని ముట్టుకోకూడదు.

ఒక మంచి కబురు కూడా ఉంది. నాన్నగారు రిటైరైనప్పుడు పెన్షన్ కొంత కమ్యూట్ చేసి (అంటే ఆ భాగాన్ని ముందే ఒకేసారి మొత్తంగా తీసుకుని) ఉంటే, 15 ఏళ్లకు ఆ కోత ఆగిపోతుంది. అంటే వచ్చే ఏడాదే. పీపీఓలో తేదీ చూసుకుని, బ్యాంకు పునరుద్ధరించిందో లేదో గమనించండి. రాత్రి కూడా మనిషి కావలసిన రోజు వస్తే ఆ పెరిగిన మొత్తం అక్కరకొస్తుంది.

సాయంత్రాలు చికాకు పడుతున్నారని రాశారు కాబట్టి బ్యాంకుకు పొద్దున్నే తీసుకెళ్లండి. నెల మొదటి వారం వద్దు, పెన్షన్‌దారుల రద్దీ ఉంటుంది. ముందురోజు మీరొక్కరే వెళ్లి ఫారాలు తెచ్చుకుని ఇంట్లో నింపేయండి. అక్కడ ఆయన సంతకం మాత్రమే మిగలాలి. పీపీఓ, ఎఫ్‌డీ బాండ్లు, ఇద్దరి ఆధార్, పాన్, అమ్మగారి ఫొటోలు రెండు పట్టుకెళ్లండి. ఆయన కళ్లజోడు మర్చిపోకండి.