ప్రకటనలో లక్షన్నర, తిరిగొచ్చేసరికి ఐదు లక్షలు: మాల్దీవుల ప్రయాణం లెక్క

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 46, మా వారికి 50 ఏళ్లు. ఆయన ప్రైవేటు ఉద్యోగి, చేతికి 92,000 వస్తుంది. నా టైలరింగ్ షాపులో నెలకు సగటున 28,000 మిగులుతుంది, సంక్రాంతి సీజన్‌లో అదనంగా 60,000 దాకా వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 24,000, ఇల్లు గడవడానికి, ఇన్సూరెన్సులకు 54,000 అవుతుంది. అబ్బాయి పై చదువుల కోసం 20 నెలల 5 లక్షల చీటీ వేశాం. దానికి డివిడెండ్ పోను 21,000 కడుతున్నాం, 7 నెలలు అయ్యాయి. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. బీటెక్ ఆఖరి ఏడాది ఫీజు విడిగా దాచాం. వచ్చే ఫిబ్రవరి 12కి మా పెళ్లయి 25 ఏళ్లు. మాల్దీవుల్లో ఒక రిసార్ట్‌లో 5 రాత్రులు 1,48,500 రూపాయలని ప్రకటన చూశాం. విమానం టికెట్లు ఇద్దరికీ 60,000 దాకా అంటున్నారు. ఈ నెల చీటీ పాడితే 3,80,000 చేతికొస్తుందని, అన్నిటికీ సరిపోతుందని మా వారు అంటున్నారు. ఏజెన్సీ వాళ్లు ఈఎంఐ కూడా ఇస్తామన్నారు. నేను ఉప్పాడలో సముద్రం ఒడ్డున పుట్టాను, కానీ నీళ్ల లోపల ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు. నాకు ఈత రాదు, కళ్లజోడు ఉంది. మా మీద మేమే ఇంత ఖర్చు పెట్టుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఇంటి లోన్ సరిగ్గా కడుతున్నారు, పిల్లాడి ఫీజు ముందే దాచారు, అవసరానికి ఎఫ్‌డీ ఉంది. ఇవన్నీ చేశాక ఇద్దరూ ఐదు రోజులు సముద్రం మధ్యలో గడపాలనుకోవడానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. వెళ్లండి, అదే ఫిబ్రవరిలో వెళ్లండి. కానీ ఆ ప్రకటనలోని ప్యాకేజీతో వద్దు, చీటీ పాడి అసలే వద్దు.

ముందు ఆ 1,48,500 సంగతి చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి డాలరును 90 రూపాయలు అనుకుందాం. అంటే గది అద్దె 5 రాత్రులకు 1,650 డాలర్లు, రాత్రికి 330. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో ఒకసారి చూడండి. మాల్దీవుల రిసార్టుల ధరల పక్కన అవి సాధారణంగా ఉంటాయి. ఒక ప్లస్ 10% సర్వీస్ చార్జీ, రెండోది టూరిజం జీఎస్టీ. ఈ జీఎస్టీ 2025 జూలై నుంచి 17%. పైగా సర్వీస్ చార్జీ కలిపాక వచ్చిన మొత్తం మీద ఆ 17% వేస్తారు. అందుకని ప్లస్ ప్లస్ ఉన్న ఏ ధరనైనా 1.287తో గుణిస్తే అసలు ధర తెలుస్తుంది. మీ 1,650 అలా 2,124 అవుతుంది. దాని మీద గ్రీన్ టాక్స్ ఉంది. రిసార్ట్‌లో అయితే మనిషికి రాత్రికి 12 డాలర్ల చొప్పున ఇద్దరికీ 120.

ఆ దీవికి వెళ్లడానికి మరో ఖర్చు. మాల్దీవుల్లో దాదాపు ఒక్కో రిసార్టుదీ ఒక్కో దీవి. మాలే విమానాశ్రయం నుంచి అక్కడికి స్పీడ్‌బోట్‌లోనో నీళ్ల మీద దిగే చిన్న విమానం సీప్లేన్‌లోనో వెళ్లాలి. సీప్లేన్‌కు రానూపోనూ మనిషికి 400 నుంచి 600 డాలర్లు పడుతుంది. 480 అనుకున్నా ఇద్దరికీ 960. సీప్లేన్లు పగటి పూటే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలో హోటల్ తీసుకోవాలి, అది ఇంకో ఖర్చు.

ఇక భోజనం. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. ఆ ధరలో బ్రేక్‌ఫాస్ట్ మాత్రమే ఉంటే మధ్యాహ్నం, రాత్రి తినేదంతా విడిగా బిల్లు. దీవిలో ఉన్న రెస్టారెంట్లన్నీ రిసార్ట్‌వే, బయటికెళ్లి తిందామంటే చుట్టూ సముద్రమే. లంచ్ మనిషికి 30, డిన్నర్ బఫే 70 అనుకుంటే పన్నులతో ఇద్దరికీ రోజుకు 257 డాలర్లు, ఐదు రోజులకు 1,287. ఒక్కసారి బోటులో స్నార్కెలింగ్‌కు, అంటే మాస్క్, ఊపిరి ట్యూబ్ పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ లోపలికి చూడటానికి వెళ్తే ఇద్దరికీ మరో 200 దాకా. అన్నీ కలిపితే 4,700 డాలర్లకు కొంచెం తక్కువ, అంటే దాదాపు 4,22,000 రూపాయలు. విమానం టికెట్లు, హైదరాబాద్ దాకా రాకపోకలు, ఇన్సూరెన్స్ చేరిస్తే దగ్గర దగ్గర ఐదు లక్షలు. మీ వారు చూసిన గది అద్దె మొత్తం ఖర్చులో మూడో వంతు కూడా లేదు. చీటీ పాడి తెచ్చిన 3,80,000 సరిపోక, మిగతాది అక్కడ కౌంటర్ దగ్గర క్రెడిట్ కార్డు గీకి కట్టాల్సి వచ్చేది. సెలవు ఆఖరి రోజు అలా గడవకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు చీటీ. ఇవాళ పాడితే 1,20,000 వదులుకుని 3,80,000 తీసుకుంటారు. ఆఖరి దాకా ఆగితే, నిర్వాహకుల కమీషన్ 5% అనుకున్నా, ఏడాది తర్వాత 4,75,000 వస్తుంది. పాడినా పాడకపోయినా మీరు కట్టే వాయిదాలు అవే. అంటే 3,80,000ను ఏడాది ముందు వాడుకున్నందుకు 95,000 ఇస్తున్నారు. మన లెక్కలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ దాటింది. దుకాణంలో సరుకు కోసం ఎవరైనా ఆ వడ్డీకి ఇస్తానంటే మీరు తీసుకుంటారా? అదీకాక అది అబ్బాయి చదువు కోసం వేసిన చీటీ. దాని పేరు మార్చకండి.

ఎఫ్‌డీ కూడా కదపొద్దు. మీ ఇంటికి ఈఎంఐ, చీటీతో కలిపి నెలకు 99,000 కావాలి. ఆరు నెలలకు దాదాపు 6 లక్షలు. మీ ఎఫ్‌డీ సరిగ్గా అంతే ఉంది. మీ వారిది ప్రైవేటు ఉద్యోగం, వయసు 50, ఆ డబ్బు అలాగే ఉండాలి. ఏజెన్సీ ఈఎంఐ గురించి ఒక్క మాట: వడ్డీ లేదన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి, మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు మీకు రాదు.

మీకు నెలకు 21,000 మిగులుతోంది, చేతిలో 11 నెలలున్నాయి. ఈ నెల నుంచే బ్యాంకులో రెండు రికరింగ్ డిపాజిట్లు తెరవండి. ఒకటి నెలకు 8,000 చొప్పున 8 నెలలకు. అది నవంబరులో చేతికొస్తుంది, దాంతో విమానం టికెట్లు కొనండి. రెండోది నెలకు 12,000 చొప్పున 11 నెలలకు. మొదటిది అయిపోయాక మిగిలిన మూడు నెలల 8,000లు పొదుపు ఖాతాలో ఉంచండి. మొత్తం 2,20,000, వడ్డీ ఓ ఆరేడు వేలు. మీ సంక్రాంతి కుట్టు డబ్బులు 60,000 కలిపితే 2,86,000 దాకా వస్తుంది. ఏడాది కూడా లేదు కాబట్టి ఈ డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు.

ఈ డబ్బుకు తగిన ప్రయాణం ఉంది, చాలా మంచిదే ఉంది. మొదటి మూడు రాత్రులు స్థానికులుండే దీవిలో గెస్ట్‌హౌస్‌లో, ఆఖరి రెండు రాత్రులు రిసార్ట్‌లో. మాలేకు దగ్గర్లోని మాఫుషి లాంటి దీవుల్లో గెస్ట్‌హౌస్ గది 75 డాలర్లు అనుకుందాం. పన్నులతో 97. చిన్న గెస్ట్‌హౌస్‌లకు గ్రీన్ టాక్స్ మనిషికి 6 డాలర్లే, అంటే రాత్రికి 109 లోపు, మూడు రాత్రులకు 326. అక్కడ భోజనం ఇద్దరికీ రోజుకు 40లో అయిపోతుంది. స్పీడ్‌బోట్‌కు 100, రెండు స్నార్కెలింగ్ ట్రిప్పులకు 180. రిసార్ట్ మాత్రం స్పీడ్‌బోట్‌లో వెళ్లగలిగేదే ఎంచుకోండి. బ్రేక్‌ఫాస్ట్, డిన్నర్ కలిపి రాత్రికి 420 ప్లస్ ప్లస్ అనుకున్నా, బోటు, గ్రీన్ టాక్స్, రెండు రోజుల లంచ్ అన్నీ చేర్చి 1,583. మొత్తం 2,309 డాలర్లు, అంటే 2,08,000. టికెట్లు 60,000, హైదరాబాద్ రాకపోకలు, ఇన్సూరెన్స్ లాంటి మిగతావి 15,000. కూడితే 2,83,000. మీరు దాచేదానికి సరిపోతుంది. డాలరు పెరిగితే బోటు ట్రిప్పు ఒకటి తగ్గించండి.

గెస్ట్‌హౌస్ ముందు, రిసార్ట్ తర్వాత అన్నది కావాలనే చెప్పాను. పెళ్లిరోజు రిసార్ట్‌లో పడేలా తేదీలు చూసుకోండి. బుక్ చేసేటప్పుడే 25వ పెళ్లిరోజని మెయిల్‌లో రాయండి. చాలాచోట్ల కేకో, గది అలంకరణో ఉచితంగా చేస్తారు. ఇసుక మీద దీపాలు పెట్టి ఇద్దరికే వడ్డించే డిన్నర్ అని ఒకటి అమ్ముతారు, దానికి వందల డాలర్లు. అది తీసుకోకపోయినా అదే ఇసుక మీద, అదే చంద్రుడి కింద ఉచితంగా కూర్చోవచ్చు. మందు అలవాటు లేకపోతే తిండి, మద్యం అన్నీ కలిపి అమ్మే ఆల్ ఇన్‌క్లూజివ్ ప్లాన్ మీకు దండగ. ఆ ధరలో మందు ఖర్చు కూడా కలిసి ఉంటుంది. స్థానిక దీవుల్లో మద్యం అసలు ఉండదు, దేశంలోకి తీసుకెళ్లనివ్వరు కూడా. ఆ దీవుల్లో పొద్దున్నే మాస్ హుని తినండి. సూర చేపను కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసంతో కలిపి, రోషి అనే చపాతీ లాంటి రొట్టెతో పెడతారు. గోదావరి జిల్లాల నాలుకకు అది కొత్తగా ఉండదు. శుక్రవారం మాత్రం అక్కడ సెలవు, ప్రభుత్వ ఫెర్రీలు సాధారణంగా తిరగవు. దీవి మారే రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి.

రిసార్ట్ ఎంచుకునేటప్పుడు గది ఫోటోల కంటే ముందు అడగాల్సింది హౌస్ రీఫ్ గురించి. దీవి ఒడ్డు నుంచే ఈదుకుంటూ వెళ్లి చూడగలిగే పగడాల దిబ్బను అలా అంటారు. నా దగ్గరికి వచ్చే ఒక జంట రెండేళ్ల కిందట ఫోటోల్లో లేత నీలం నీళ్లు చూసి రిసార్ట్ బుక్ చేసుకున్నారు. ఆ లేత నీలం రంగు అడుగున తెల్ల ఇసుక ఉన్నందువల్ల వచ్చింది, ఇసుక మీద చేపలేముంటాయి? చేపలు చూడాలన్నప్పుడల్లా బోటెక్కాల్సి వచ్చింది, ఎక్కినప్పుడల్లా ఇద్దరికీ 200 డాలర్లు. హౌస్ రీఫ్ బాగున్న చోట పొద్దున, సాయంత్రం ఎన్నిసార్లు దిగినా పైసా ఖర్చుండదు. 'మీ హౌస్ రీఫ్ ఒడ్డు నుంచి ఎన్ని మీటర్లు, ఈత రానివాళ్లు వెళ్లగలరా, పగడాలు బతికి ఉన్నాయా' అని రాసి అడగండి. 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలా వరకు తెల్లబడి చచ్చిపోయాయి. కొన్ని చోట్ల బాగా కోలుకున్నాయి, కొన్ని చోట్ల లేదు. ఫిబ్రవరిలో వానలు చాలా తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి. ఇది పీక్ సీజన్, మే తర్వాత ధరలు తగ్గుతాయి. కానీ మీకు ముఖ్యం తేదీ కాబట్టి ఆ తేడా భరించండి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని ఆగస్టు, సెప్టెంబరులోనే పట్టుకోండి.

డబ్బు కట్టే విషయంలో రెండు జాగ్రత్తలు. మామూలు క్రెడిట్ కార్డుతో డాలర్లలో కడితే చాలా బ్యాంకులు 3.5% అదనంగా వేసి, దాని మీద 18% జీఎస్టీ వేస్తాయి. అంటే నూటికి 4 రూపాయల 13 పైసలు. ముందే డాలర్లు నింపుకుని వెళ్లే ఫారెక్స్ కార్డు ఆ ఖర్చు తగ్గిస్తుంది. అక్కడ మెషిన్ మీద 'రూపాయల్లో కడతారా' అని అడిగితే వద్దని చెప్పి డాలర్లే ఎంచుకోండి, రూపాయల రేటు అక్కడ ఎప్పుడూ మనకు నష్టమే. రెండోది, ఏజెన్సీ దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను వసూలు చేస్తారు. అది అదనపు పన్ను కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా రీఫండ్ అడగొచ్చు. అందుకే బిల్లు మీ ఇద్దరిలో రిటర్న్ వేసేవారి పేరు మీదే ఉండాలి. వీసాకు మనం ఏమీ కట్టక్కర్లేదు, దిగాక ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, అదీ ఉచితమే. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి.

లెక్కలో 'మిగతావి' అన్న ఆ 15,000లో ముందు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, స్నార్కెలింగ్‌లో జరిగే ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చదివి చూడండి. తర్వాత మీకు మీ పవర్‌తో మాస్క్. అద్దె మాస్కుల్లో సాధారణంగా పవర్ ఉండదు, కళ్లజోడు మీద మాస్క్ బిగదు. ఇంత ఖర్చు పెట్టి వెళ్లి చేపలు మసకగా కనిపిస్తే ఎంత బాధ! ఇంట్లో బకెట్ నీళ్లలో ముఖం పెట్టి ట్యూబ్‌తో ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఈత రాకపోయినా తేలుతారు, కానీ నీళ్లంటే భయం పోవాలంటే ఈ వేసవిలోనే దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌లో ఒక నెల చేరండి. ఆ నెల ఫీజు పైన నేను వేసిన లెక్కలో లేదు, ఆర్‌డీలు పోను ప్రతి నెలా మిగిలే వెయ్యి రూపాయల్లోంచి కట్టేయండి.